అప్‌డేట్: శనివారం ఉపవాసం, ఆదివారం ఆగని ఆకలి

శనివారం నీళ్ల మీదే ఉంటే ఆదివారం ఆకలి ఆగట్లేదు, ఒంట్లో కొవ్వు దండిగానే ఉంది కదా, మరి ఇదెందుకు అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. కావలి నుంచి నెల్లూరు వెళ్లి డాక్టర్ గారిని కలిశాను. నిల్వలున్నాయని మెదడుకు చెప్పేది లెప్టిన్, కొవ్వు కణాలే వదిలే హార్మోన్. 1994లో కనుక్కున్నారు. ఒక్కరోజు పస్తుంటే కొవ్వు పెద్దగా కరగదు గానీ లెప్టిన్ మాత్రం బాగా పడిపోతుంది. మెదడు కరువొచ్చిందనుకుంటుంది. మొన్న చేపల పులుసులో మళ్లీ మళ్లీ అన్నం కలుపుతుంటే అమ్మ గిన్నె పక్కకు లాగేసింది!

కొవ్వు కణాలే వదిలే మరో హార్మోన్, ఇన్సులిన్‌కు తోడ్పడే అడిపోనెక్టిన్ సంగతి వేరు. అది పెరగాలంటే బరువు నిలకడగా తగ్గాలి, ఒక్కరోజు పస్తు చాలదు. లెప్టిన్ టెస్ట్ రాయమంటే అక్కర్లేదన్నారు.

అమ్మ కూడా ఉపవాసం ఉంటుంది, కానీ ఆమెది దేవుడి కోసం, అది ఆగదు. నేను మాత్రం రాత్రి అన్నం తగ్గించి, పెందలాడే తినేస్తున్నాను.