కాకినాడ–రంగూన్ స్టీమర్లలో డెక్ ప్రయాణికుల పేర్లు నమోదయ్యేవా?

మా ముత్తాతగారు 1920లలో కాకినాడ నుంచి స్టీమరెక్కి రంగూన్ వెళ్లి, బియ్యపు మిల్లులో పనిచేశారని ఇంట్లో చెప్పుకునేవారు. కాకినాడ తీరంలో లోతు తక్కువ కావడంతో ఓడలు దూరంగా లంగరు వేసేవనీ, జనాన్నీ సరుకునూ పడవల మీదే చేరవేసేవారనీ చదివాను. 1856లో కలకత్తా–బర్మా మధ్య టపా మోయడానికి పుట్టి, 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్‌గా పేరు మార్చుకున్న కంపెనీయే ఆ సముద్రంలో ప్రధానంగా ఓడలు నడిపింది. ఉత్తరాల కోసం మొదలైన ఓడలు చివరికి కూలీలతో నిండడం నాకు విచిత్రంగా తోస్తుంది. క్యాబిన్ ప్రయాణికుల సంగతి వేరు, డెక్ మీద చాప పరుచుకుని వెళ్లిన కూలీల పేర్లు ఎవరైనా రాసిపెట్టేవారా? రాసి ఉంటే ఆ రికార్డులను చెన్నైలోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో వెతకాలా, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోనా? ఇటువంటి అన్వేషణ చేసినవారు దయచేసి తెలియజేయగలరు.