టాడ్‌పోల్ పేగులు నల్లబడ్డాయి, దీన్ని విషం అనాలా వద్దా?

బీకర్లు_కడిగేవాణ్ణి:
ప్రాజెక్టు కోసం జెనోపస్ అనే కప్ప టాడ్‌పోల్స్‌ని (తోకతో ఈదే పిల్లల్ని) కార్బన్ నానోట్యూబులు, అంటే కంటికి కనపడనంత సన్నటి కార్బన్ గొట్టాలు, కలిపిన నీళ్లలో 12 రోజులు ఉంచాను. వీటి ఒళ్లు అద్దంలా ఉంటుంది కదా, పొట్టలో చుట్టలు చుట్టుకున్న పేగంతా మసి కూరినట్టు కనిపిస్తోంది. డోసు ఎక్కువున్న తొట్టిలోవి సరిగ్గా ఎదగలేదు కూడా. తీరా రక్తం తీసి మైక్రోన్యూక్లియస్ పరీక్ష చేస్తే ట్యూబులు కలపని నీళ్లలో పెంచిన కంట్రోల్‌కీ వీటికీ తేడానే లేదు. మా గైడ్ "విషం లేదని రాసెయ్" అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు.

మొప్పల_మనిషి:
అలా రాయకండి. ఆ పరీక్ష చెప్పేది ఎర్రరక్తకణాల్లో క్రోమోజోములు దెబ్బతిన్నాయా లేదా అన్నంతవరకే. 2008లో ఫ్రాన్స్‌లోని టులూజ్ బృందం డబుల్‌వాల్ (రెండు గోడలుండే) ట్యూబులతో ఇదే జంతువు మీద చేసినప్పుడూ ఇంతే, లీటరుకు 10 నుంచి 500 మిల్లీగ్రాముల వరకు జన్యువులకు హాని కనపడలేదు, కానీ టాడ్‌పోల్స్ మాత్రం దెబ్బతిన్నాయి, మొప్పలో పేగులో మూసుకుపోవడం వల్లే అని వాళ్ల అంచనా. ఇవి నీళ్లు వడగట్టుకుని తినే జీవులు, నీళ్లలో ఏది తేలితే అది లోపలికి పోతుంది. అన్నట్టు ఆ నలుపు ట్యూబులదే అని రామన్ స్పెక్ట్రంతో (లేజర్ కాంతితో పదార్థాన్ని గుర్తుపట్టే పద్ధతి) ఖాయం చేసుకున్నారా? వాళ్లు చేసుకున్నారు.

లీటరు_లెక్క:
ఇంకోటి, మిల్లీగ్రాముల్లో పోల్చుకుంటూ కూర్చుంటే తికమకే. అదే బృందం 2016లో ట్యూబులు, గ్రాఫీన్, నానోవజ్రాలు లాంటి రకరకాల కార్బన్ రూపాల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, ఆకారం ఏదైనా సరే ఎదుగుదల తగ్గడం బరువుతో కాకుండా ఉపరితల వైశాల్యంతో సరిపోయింది. మీ పొడికి బెట్ కొలత (గ్రాముకు ఎంత ఉపరితలం ఉందో చెప్పేది) ఉంటే గ్రాఫు మళ్లీ గీయండి.

పిడివాది:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, లీటరుకు వందల మిల్లీగ్రాములు ఏ చెరువులో ఉంటాయండీ? పైగా కడుపు నిండా మసి ఉంటే తిండికి చోటేదీ? సగం తిండి పెట్టిన కంట్రోల్ ఒకటి లేకపోతే అది విషమో ఆకలో తేలదు.

బీకర్లు_కడిగేవాణ్ణి:
సగం తిండి సంగతి తట్టనే లేదు, ఈ వారమే మొదలుపెడతాను. నిన్న రాత్రి రెండింటిని మంచినీళ్లలోకి మార్చాను, పొద్దున చూస్తే గ్లాసు అడుగున నల్లదారాల్లాంటి రెట్టలు, ఒకదాని పేగు సగం తెల్లబడింది. రెండోది అలాగే ఉంది. రామన్‌కి స్లాట్ సోమవారం దొరికింది.