ఇంజన్ పని అయి 320 కిలోమీటర్లే, ఆయిల్‌లో మెరిసే ముక్కలు - ఎవరికైనా ఇట్లా అయిందా?

దేవరకొండ స్ప్లెండర్:
మా బాపు 2001లో కొన్న హీరో హోండా స్ప్లెండర్. మొన్న ఎండల్లో కొండమల్లేపల్లి దాటాక ఆయిల్ అడుగంటి ఇంజన్ సీజ్ అయింది, అంటే పిస్టన్ లోపలే పట్టేసింది. తప్పు నాదే, చూసుకోలేదు. ఇంజన్ దింపించి, సిలిండర్ బోర్ వేయించి (లోపల కొంచెం పెద్దగా కోయించి), దానికి సరిపడే 0.50 ఓవర్‌సైజు పిస్టన్, రింగులు, కనెక్టింగ్ రాడ్ కిట్, క్లచ్ ప్లేట్లు కొత్తవి పెట్టించాను. 320 కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ మారుద్దామని కింది బోల్టు విప్పితే నూనెలో వెండి రంగు కలిపినట్టు ఉంది. అదొక్కటే అయితే ఊరుకునేవాణ్ణి, పళ్లెం అడుగున గోరు కత్తిరిస్తే పడే ముక్కల్లాంటివి ఏడెనిమిది ఉన్నాయి. పాత స్పీకర్ అయస్కాంతం పెడితే సగం అంటుకున్నాయి, సగం కదల్లేదు. మెకానిక్‌ని అడిగితే "కొత్త ఇంజన్ కదా, అట్లనే ఉంటది, తిప్పు" అంటున్నాడు. ఇది మామూలేనా? ఏ పార్టు పోతున్నట్టు? ఈ ఆదివారం ఇంట్లోవాళ్లతో శ్రీశైలం అనుకున్నాం, ఈ బండి మీద పోవచ్చా?

జడ్చర్ల 44:
"అట్లనే ఉంటది" అన్న మాట విన్నాక కూడా బండి తిప్పినవాణ్ణి నేను. నాకూ ఇదే మాట చెప్పారు. 900 కిలోమీటర్లకి షాద్‌నగర్ దగ్గర క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) బేరింగ్ పోయి ఇంజన్ కేసింగే పగిలింది. బండి ట్రాలీ ఆటోలో ఇంటికొచ్చింది, నేను దాని పక్కన కూర్చుని వచ్చాను. తర్వాత ఆ మెకానిక్ ఫోన్ ఎత్తలేదు. నా మాట విను, స్టార్ట్ కూడా చేయకు.

బుల్లెట్ మిర్యాలగూడ:
అందుకే మా పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్టే నయం అంటాను. ఇంజన్ ఆయిల్ వేరు, గేర్ బాక్స్ వేరు, ప్రైమరీ చైన్ వేరు. దేంట్లో ముక్కలొస్తే జబ్బు అక్కడే అని తెలుస్తుంది. మీ బండ్లల్లో ఇంజన్, క్లచ్, గేర్లు అన్నీ ఒకే నూనెలో ఈదుతాయి, దొంగ ఎవరో ఎట్లా పట్టుకుంటారు.

కోదాడ కుర్రోడు:
బుల్లెట్ అన్నా, మీ బండి కింద ఎప్పుడూ ఆయిల్ మరక ఉంటుంది కదా, ముక్కలు అటే పోతాయేమో 😄

పాలమూరు పిస్టన్:
జోకులు పక్కన పెట్టండి. తమ్మీ, పొడి వేరు, ముక్క వేరు. కొత్త రింగులు సిలిండర్‌కి అతుక్కునే దాకా మొదటి ఆయిల్‌లో సన్నటి మెరుపు రావడం మామూలే. వేళ్ల మధ్య రుద్దితే తగలకూడదు. గోరుకి తగిలిందంటే మామూలు కాదు.

ముక్కల్ని పెట్రోల్‌లో కడిగి తెల్ల కాగితం మీద ఆరబెట్టు. అయస్కాంతానికి అంటేవి ఇనుము, ఉక్కు: రింగులు, సిలిండర్ లైనర్, గేర్లు, కామ్, బేరింగులు. అంటని తెల్లవి అల్యూమినియం: పిస్టన్, కేసింగ్, క్లచ్ బాస్కెట్. అనుమానముంటే కాస్టిక్ సోడా నీళ్లలో వెయ్యి, అల్యూమినియం అయితే బుడగలొస్తాయి. ఇది ఆరుబయట చెయ్యి, కళ్లకి, చేతులకి తగలనియ్యకు. ముక్క ఒక పక్క అద్దంలా నున్నగా, రెండో పక్క గరుకుగా ఉంటే బేరింగ్ పొర లేస్తున్నట్టే. స్ప్రింగులా మెలితిరిగి ఉంటే అది అరుగుదల కాదు, ఎవరో డ్రిల్లో, టాపో (బోల్టు మర కోసే పనిముట్టు) వేసిన చెత్త.

ఇంకో మాట. బోర్ వేయించాక సిలిండర్‌ని వేడి నీళ్లు, సబ్బుతో కడిగారా?

లేత్ పని నల్గొండ:
పిస్టన్ గారూ, అంతా బాగా చెప్పి చివర్లో చెడగొట్టారు. సిలిండర్‌ని సబ్బు నీళ్లతో కడగడమేంటి, అదేమైనా పెండ్లి గిన్నెనా? క్లాక్ టవర్ దగ్గర 26 ఏళ్లుగా బోర్ వేస్తున్నాను, కిరోసిన్‌తో కడుగుతాం, గాలి కొడతాం, ఇస్తాం. నల్గొండ జిల్లాలో సగం బండ్లు నా చేతి మీదుగా పోయినవే. నీళ్లు తగిలితే తుప్పు పడుతుందని చిన్న పిల్లగాడికి కూడా తెలుసు.

పాలమూరు పిస్టన్:
అన్నా, మీ అనుభవానికి దండం. కానీ బోర్ వేశాక సిలిండర్ లోపల సన్నటి గీతలు పెట్టే హోనింగ్ రాయి పొడి ఆ గీతల్లోనే ఇరుక్కుంటుంది. కిరోసిన్ నూనెని కరిగిస్తుంది గానీ రాయి పొడిని పైకి తేలేదు. సబ్బు నురగ తెస్తుంది. మీరు కిరోసిన్‌తో కడిగిన సిలిండర్‌ని తెల్ల గుడ్డకి కొంచెం ఆయిల్ రాసి తుడిచి చూడండి, బూడిద రంగు వస్తుంది. ఆ పొడి రింగుల కింద గరుకు కాగితంలా పని చేస్తుంది. కడిగి, ఆరబెట్టి, వెంటనే ఆయిల్ రాస్తే తుప్పు రాదు.

లేత్ పని నల్గొండ:
పుస్తకాలు చదివి మాట్లాడొద్దు. నేను బోర్ వేసిన బండ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

పాలమూరు పిస్టన్:
తిరుగుతున్నాయి. ఎన్నేళ్లకోసారి మళ్లీ మీ దగ్గరికే వస్తున్నాయో కూడా చెప్పండి.

లేత్ పని నల్గొండ:
నోరు జాగ్రత్త. ఒక్కసారి షాపుకొచ్చి మాట్లాడు, చూద్దాం.

గద్వాల టీవీఎస్:
ఇద్దరూ ఆగండి. మా నల్గొండ బంధువుల బోరు నీళ్లు చూశాను, అవి పోస్తే సిలిండర్ మీద సున్నం కొట్టినట్టే తెల్లటి పొర. కడగాలనుకుంటే తాగే నీళ్ల క్యాన్ తెచ్చుకోండి.

లేత్ పని నల్గొండ:
ఇప్పుడు మా నీళ్ల మీద పడ్డారా.

కోదాడ కుర్రోడు:
ఈ లొల్లిలో అసలు మనిషిని మర్చిపోయారు. అన్నా, ఏ ఆయిల్ పోశావు? నేనోసారి మా మామ కారులో మిగిలిన ఆయిల్ పోశాను, క్లచ్ జారడం మొదలైంది, గేర్ వేస్తే అరుపే గానీ బండి కదలదు. కొన్ని కార్ ఆయిళ్లలో జారుడు ఎక్కువయ్యే మందులు కలుపుతారు, బైక్ క్లచ్ నూనెలోనే మునిగి ఉంటుంది కాబట్టి దానికి పడవు. డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA, ఇట్లాంటి బైక్ క్లచ్‌కి పడే ఆయిల్ గుర్తు) అని చూసి కొను.

అచ్చంపేట ఘాట్:
రన్నింగ్ ఇన్‌లో, అంటే కొత్త పార్టులు సర్దుకునే మొదటి కిలోమీటర్లలో, మెల్లగా తోలావా? కొందరు మొదటి రోజే దంచాలంటారు. దంచి రెండు ఇంజన్లు పాడు చేసుకున్నవాణ్ణి నేనే. మన్ననూరు దాటాక ఘాట్‌లో ఇద్దరితో, లగేజీతో కొత్త పిస్టన్ ఎక్కదు నాయనా.

బుల్లెట్ మిర్యాలగూడ:
మెల్లగా తోలినా పాడవుతుంది. 30లో టాప్ గేర్ వేసి ఇంజన్‌ని ముక్కించడం కూడా తప్పే. వేగం మారుస్తూ, వేడెక్కితే ఆపుకుంటూ పోవాలి. ఇది మాత్రం నా బండికీ, మీ డబ్బా బండ్లకీ ఒకటే.

దేవరకొండ స్ప్లెండర్:
నిన్న రాత్రి మా బావమరిది, నేను కలిసి కుడి పక్క క్లచ్ కవర్ విప్పాం. క్రాంక్ చివర ఆయిల్ రోటర్ (నూనెలో చెత్తని పట్టే గిన్నె) మూత తీస్తే లోపల నల్లటి బురద గట్టిపడి ఉంది, స్క్రూడ్రైవర్‌తో గీకితే గానీ రాలేదు. అంటే ఇంజన్ మొత్తం విప్పిన మనిషి దీన్ని ముట్టనే లేదు! కింద నూనె వడపోసే జాలీలో తీగల్లాగా సిలికాన్ పేస్ట్ (కేసింగ్ అతుకులకి పూసేది), దానికి అతుక్కుని అల్యూమినియం. ముక్కల్లో నాలుగు స్ప్రింగులా మెలితిరిగినవే. మెకానిక్‌ని గట్టిగా అడిగితే డ్రైన్ బోల్టు మర పోయిందని, టాప్ వేసి పెద్ద బోల్టు పెట్టానని చెప్పాడు. ఇంజన్ బిగించాకే వేశాడట.

జడ్చర్ల 44:
ఆ మనిషికి దండ వేయాలి.

పాలమూరు పిస్టన్:
సగం దొంగ దొరికాడు. మిగతా అల్యూమినియం సీజ్ అయినప్పుడు పాత పిస్టన్‌ది రాలి, కేసింగ్ మూలల్లో, నూనె దారుల్లో దాక్కున్నదై ఉంటుంది. సీజ్ అయిన ఇంజన్‌ని కడగకుండా కొత్త పిస్టన్ పెడితే ఇదే జరుగుతుంది. కానీ అయస్కాంతానికి అంటుకున్నవి ఏమయ్యాయి? వాటి ఫోటో పెట్టు. ఇంకొకటి, స్పార్క్ ప్లగ్ విప్పేసి, న్యూట్రల్‌లో పెట్టి క్రాంక్‌ని చేత్తో మెల్లగా తిప్పి చూడు.

గద్వాల టీవీఎస్:
అయస్కాంతం ఉన్న డ్రైన్ బోల్టు దొరుకుతుంది, అది పెట్టించుకో.

పాలమూరు పిస్టన్:
జ్వరం చూసే గొట్టం కొంటే జ్వరం తగ్గుతుందా? ముందు కారణం చూడనివ్వండి.

దేవరకొండ స్ప్లెండర్:
తిప్పాను అన్నా. ఒక చోట ఇసుక నలిగినట్టు చేతికి తెలుస్తోంది. ఫోటో చూడండి, అంటుకున్న ముక్కలు ఒక పక్క అద్దంలాగే ఉన్నాయి. బిల్లు మళ్లీ చూశాను. రాడ్ కిట్ ఉంది, క్రాంక్ బేరింగులు లేవు. పాతవే మళ్లీ కొట్టాడు.

పాలమూరు పిస్టన్:
అయితే మళ్లీ దించాల్సిందే. నూనె లేకుండా తిరిగి, ఆ చెత్తంతా మింగిన బేరింగులు మళ్లీ వాడటం పొదుపు కాదు. రెండూ మార్పించు, ఆయిల్ పంపు విప్పి చూడు, హెడ్‌కి పోయే నూనె దారిలో గాలి కొట్టించు, అక్కడ కూడా సిలికాన్ ఉండొచ్చు. పిస్టన్ బయటికి తీసినప్పుడు పక్కల నిలువు గీతలున్నాయేమో చూడు, గోరుకి తగలకపోతే అదే వాడుకోవచ్చు.

జడ్చర్ల 44:
కూలీ డబ్బులు వెనక్కి అడుగు.

దేవరకొండ స్ప్లెండర్:
అడిగాను. "సామాను తెచ్చుకో, చేతి కూలీ తీసుకోను" అన్నాడు. అతని చేతికి మళ్లీ ఇవ్వాలంటేనే భయంగా ఉంది. శ్రీశైలం సంగతి మీరెవరూ సరిగ్గా చెప్పలేదు గానీ, బస్సులో పోయొచ్చాం.

అచ్చంపేట ఘాట్:
నేను చెప్పాను కదా!

లేత్ పని నల్గొండ:
తమ్మీ, ఎవరి మీద కోపం లేదు. బేరింగులు సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తెచ్చుకో, ఇక్కడ నకిలీవి తిరుగుతున్నాయి. క్రాంక్ నా దగ్గరికి పట్టుకురా, ప్రెస్ మీద పెట్టి అలైన్‌మెంట్ చూసి ఇస్తా, పైసలొద్దు. సబ్బు మాత్రం నువ్వే తెచ్చుకో.