పార్టీ డ్రగ్స్ మారుపేర్ల లిస్టు తల్లిదండ్రులకు పంచాలా, వద్దా?

శ్రీలత_హన్మకొండ:
మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎండీఎంఏ అనే పార్టీ డ్రగ్ మారుపేర్ల లిస్టు తిరుగుతోంది. మోలీ, ఎక్స్టసీ, మ్యాండీ అంటూ. పిల్లలున్న ఇళ్లకు ఇది కావాలని కొందరు, లేనిపోనివి మనమే నేర్పినట్టవుతుందని కొందరు. మీరేమంటారు?

రమణ_గాజువాక:
పంచాల్సిందే. మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో చదువుతున్నాడు. అక్కడ ఈ మాత్రల్ని పింగర్స్ అంటారట. వాడు ఫోన్‌లో ఆ మాట నా ముందే అన్నా నాకేం తెలుస్తుంది? లిస్టు చూసి పిల్లలు చెడిపోరండీ. వాళ్లకు మనకంటే ముందే తెలుసు.

డాక్టర్_సుధ:
రమణ గారూ, వాళ్లకు ముందే తెలుసన్నది నిజం. నా అభ్యంతరం వేరు. పేరు తెలిసింది కదా, సరుకు కూడా తెలిసిపోయిందనుకుంటాం. 1912లో జర్మనీలో మెర్క్ కంపెనీ దీన్ని తయారుచేసినప్పుడు పార్టీల ఊసే లేదు. తర్వాతెప్పుడో అమెరికాలో కొందరు థెరపిస్టులు ఆడమ్ అని పిలుస్తూ వాడారు. బజారుకెక్కాక ఎక్స్టసీ అయింది. 1985లో అక్కడ నిషేధించారు. మాత్రల్లో కల్తీ ఉంటుందని జనం భయపడుతుంటే, 'ఇది అసలైన పొడి' అంటూ మోలీని అమ్మారు. ఆ మోలీలోనూ మిథైలోన్ లాంటి వేరే డ్రగ్స్ బయటపడ్డాయి.

పీఎంఏ అనే ఇంకో డ్రగ్ కలిస్తే మరీ ప్రమాదం. అది మెల్లగా ఎక్కుతుంది. ఏమీ కావట్లేదని ఇంకోటి వేసుకుంటారు. రెండూ కలిసి ఎక్కేసరికి ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటుతుంది, దవడలు బిగుసుకుపోతాయి. అలాంటి స్థితిలో ఎమర్జెన్సీకి తెచ్చినప్పుడు ఏం తీసుకున్నాడని అడిగితే ఫ్రెండ్స్ నేలచూపులు చూస్తారు. నీళ్లు తాగిస్తే సరిపోతుందన్న నమ్మకం ఒకటి. 1995లో ఇంగ్లండ్‌లో 18 ఏళ్ల అమ్మాయి మాత్ర వేసుకుని, లీటర్ల కొద్దీ నీళ్లు తాగి, మెదడు వాచి చనిపోయింది. ఇవేవీ మీ లిస్టులో లేవు.

చైతన్య_లాయర్:
నేలచూపులకు కారణం కేసు భయం, మేడమ్. ఎండీఎంఏకి మన మాదకద్రవ్యాల చట్టంలో (ఎన్‌డీపీఎస్) అరగ్రాము దాకా స్మాల్ క్వాంటిటీ, అంటే కొద్ది మొత్తం; 10 గ్రాములు దాటితే కమర్షియల్, అంటే వ్యాపార స్థాయి. కలిపిన పిండితో సహా మొత్తం బరువే లెక్క అని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అందరికీ కలిపి నాలుగైదు మాత్రలు ఒకడి జేబులో ఉంటే అరగ్రాము ఇట్టే దాటుతుంది. గరిష్ఠ శిక్ష ఏడాది ఉండేది కాస్తా పదేళ్లకు పోతుంది. ఈ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పరు. అలవాటు పడినవాళ్లు తామే చికిత్సకు ముందుకొస్తే అదే చట్టం సెక్షన్ 64ఏ కింద రక్షణ ఉందని అసలే చెప్పరు.

రమణ_గాజువాక:
ఇవన్నీ చేర్చండి, కాదనను. లిస్టు మాత్రం తీసేయమనకండి. వాడితో ఈ విషయం ఎత్తడానికైనా నాకు ఆ పేరు కావాలి.

డాక్టర్_సుధ:
అందుకైతే ఉంచండి. కానీ పేర్లకంటే పైన ఇది రాయండి: ఒళ్లు కాలిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, మాట తేడాగా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఒంటిని చల్లబరచాలి. ఏం తీసుకున్నారో, ఎన్ని తీసుకున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. మిగిలిన మాత్ర ఉంటే దాని రంగు, ముద్ర చెప్పినా మేలే. మానాలనుకునేవాళ్లకు హెల్ప్‌లైన్ 14446. మీ అబ్బాయికి పంపేటప్పుడు 108 తీసేసి అక్కడి ఎమర్జెన్సీ నంబరు 000 అని మార్చండి, రమణ గారూ.