ఆఫీసు ఒత్తిడి, ఇంటి బరువు ఒకేసారి మీదపడిన సహోద్యోగి ప్రవర్తనను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: నానక్‌రాంగూడ నుంచి ఒక టీమ్ లీడ్

అందరికీ నమస్కారం. అమెరికా క్లయింటుకు పనిచేసే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ బృందాన్ని నేను చూసుకుంటున్నాను. వయసులో నాకంటే పెద్దవారు, నిదానానికి పేరుపడ్డ ఒక సహోద్యోగి ప్రవర్తన గత వేసవి నుంచి బాగా మారింది. జూనియర్లు పంపిన కోడ్‌లో తప్పుంటే ఇదివరకు ఓపికగా కారణం రాసే మనిషి ఇప్పుడు ‘మళ్లీ చేయండి’ అని తిప్పి పంపుతున్నారు. స్టాండప్‌లో, అంటే రోజూ జరిగే చిన్న బృంద సమావేశంలో, ఎవరైనా ప్రశ్న అడిగితే గొంతు పెంచుతున్నారు. మధ్యాహ్నం అందరితో కలిసి భోజనానికి రావడం కూడా మానేశారు. పని మాత్రం కొంత ఆలస్యంగానైనా పూర్తిచేస్తున్నారు.

వారి తండ్రిగారికి పక్షవాతం వచ్చి మంచం మీద ఉన్నారు. భార్య ఉపాధ్యాయురాలు, పాప పదో తరగతి, ఫ్లాటు మీద ఈఎంఐ ఉంది. ఉప్పల్ నుంచి మెట్రోలో రాయదుర్గం దాకా వచ్చి, అక్కడ బస్సు పట్టుకుని ఆఫీసుకు చేరతారు. సాయంత్రం ఆరున్నరకు ఉండే క్లయింట్ కాల్, నవంబరులో అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి జరపగానే మాకు ఏడున్నరకు మారుతుంది కాబట్టి, చలికాలమంతా వారు ఇల్లు చేరేసరికి తండ్రిగారికి రాత్రి భోజనం పెట్టి మందులు వేసే వేళ దాటిపోతోంది. ఈ సంగతులు వారు నన్ను నమ్మి చెప్పినవి. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

అప్రైజల్ దగ్గరపడింది. వారిని పీఐపీలో, అంటే పనితీరు మెరుగుపరచుకోవడానికి గడువు పెట్టే ప్రణాళికలో, పెట్టాలని మా మేనేజరు గారి అభిప్రాయం. ప్రవర్తనను రేటింగులో లెక్కవేయడం న్యాయమేనా? వారితో మాట ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ఉద్యోగుల కౌన్సెలింగ్‌లో పనిచేస్తున్నవారు

మీరు మంచి స్వభావమా, చెడ్డ స్వభావమా అన్న చోట ఆగిపోకుండా ఆయన సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయో గమనించారు. నా దృష్టిలో అసలు విషయం అక్కడే ఉంది. ఉద్యోగానికీ కుటుంబానికీ మధ్య వచ్చే ఘర్షణను గ్రీన్‌హాస్, బ్యూటెల్ అనే పరిశోధకులు 1985లో మూడు రకాలుగా విడదీశారు. ఒకచోట ఖర్చైన సమయం రెండోచోట దొరకకపోవడం మొదటిది. ఒకచోటి అలసట, ఆందోళన రెండోచోటికి వెంట రావడం రెండోది. ఒకచోట పనికొచ్చే నడవడిక మరోచోట పనికిరాకపోవడం మూడోది. రాత్రి రోగి దగ్గర కూర్చుని, పొద్దున్నే మెట్రోలో నిలబడి వచ్చి, పదింటికి జూనియర్ ప్రశ్న విన్న మనిషిలో మొదటి రెండూ కలిసే పనిచేస్తుంటాయి. ఆయన విసుగు జూనియర్ మీద పుట్టింది కాదు, కానీ వచ్చి పడేది జూనియర్ మీదే.

దీన్ని వెంటనే ‘బర్నౌట్’ అనకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటను పనికి సంబంధించిన స్థితికే పరిమితం చేసింది. శక్తి ఉడిగిపోవడం, పని మీద మనసు విరగడం, తన సామర్థ్యం తగ్గిందనిపించడం దాని లక్షణాలని చెబుతూనే, జీవితంలోని ఇతర అనుభవాలకు ఆ మాట వాడకూడదని కూడా స్పష్టం చేసింది. తండ్రికి చేసే సేవలోని అలసటకు ఆఫీసు పేరు పెడితే మందు తప్పుతుంది.

రాబర్ట్ కరాసెక్ 1979లో ప్రతిపాదించిన నమూనా మీకు ఇంకా ఉపయోగపడుతుంది. పని ఎక్కువగా ఉండడమొక్కటే మనిషిని కుంగదీయదు. పని ఎక్కువై, దాన్ని ఎప్పుడు ఎలా చేయాలో నిర్ణయించుకునే అధికారం తక్కువైనప్పుడు ఒత్తిడి తీవ్రమవుతుంది. మీ సహోద్యోగికి ఇంట్లో జబ్బు మీద అదుపు లేదు, ఆఫీసులో కాల్ వేళ మీద అదుపు లేదు. మొదటిది మీరు మార్చలేరు, రెండోది మార్చగలరు. అందుకే ‘మీకేమైంది?’ అని కాకుండా, ‘వారంలో ఏ సాయంత్రాలు మీకు కచ్చితంగా ఖాళీగా ఉండాలి?’ అని అడగండి. మొదటి ప్రశ్న ఆయన చేత సంజాయిషీ ఇప్పిస్తుంది, రెండోది ఆయనకు నిర్ణయాన్ని అప్పగిస్తుంది. విడిగా, తొందర లేని వేళలో మాట్లాడండి. అప్రైజల్ మీటింగులో మాత్రం వద్దు.

జవాబు: కూకట్‌పల్లి నుంచి ఒక టెస్టింగ్ ఇంజినీరు

పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, ఇద్దరి గురించి గట్టిగా చెప్పాలనిపిస్తోంది.

ఒకరు ఆ జూనియర్లు. కారణం ఎంత బాధాకరమైనదైనా, నలుగురిలో గొంతు పెంచితే వినేవారికి కలిగే నష్టం తగ్గదు. కాల్ వేళలు సర్దుతూనే, కోడ్ తిప్పి పంపేటప్పుడు కారణం రాయాల్సిందేనని ఆయనకు మర్యాదగా, సూటిగా చెప్పండి. ఆయన మీద జాలితో ఈ మాట దాచిపెడితే రేపు జూనియర్లు ప్రశ్నలు అడగడమే మానేస్తారు.

రెండోవారు ఆయన భార్య. బడిలో రోజంతా నిలబడి పాఠం చెప్పి వచ్చి మామగారికి స్నానం చేయించేది, పాపను చదివించేది ఎవరో ఊహించడం కష్టం కాదు. 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనులు చేసేవారిలో మహిళలు వాటి మీద రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు గడుపుతున్నట్టు తేలింది. ఇదే బరువు మా బృందాల్లో ఆడవాళ్ల మీద పడినప్పుడు చాలాసార్లు అది కోపంగా బయటికి రాదు. మీటింగులో మౌనంగా ఉండిపోతారు, వచ్చిన ప్రమోషన్ వద్దంటారు, ఒకరోజు రాజీనామా పెడతారు. ‘వ్యక్తిగత కారణాలు’ అని రాసి ఆ ఫైలు మూసేస్తారు. గొంతు పెంచినవారి ఒత్తిడి మాత్రమే కనపడే పద్ధతి మన ఆఫీసుల్లో ఉంది. మీ బృందంలో ఈమధ్య మాట తగ్గించినవారు ఎవరైనా ఉన్నారేమో కూడా చూడండి.

జవాబు: మాదాపూర్‌లో హెచ్‌ఆర్ బాధ్యతల్లో ఉన్నవారు

రేటింగు సంగతి. ఈ ఏడాది చేసిన పనికి రేటింగు ఇవ్వండి, ప్రవర్తనను అందుకు వేరుగా, తేదీలతో, జరిగిన మాటలతో రాసుకోండి. ‘టీమ్ ప్లేయర్ కాదు’ వంటి ముద్రలు రాయకండి. పీఐపీ పని నైపుణ్యం లోపించినచోట పనికొస్తుంది. మీరు చెప్పినదాన్ని బట్టి ఇక్కడ లోపించింది సమయం.

వారు నమ్మి చెప్పిన కుటుంబ విషయాలను వారి అనుమతి లేకుండా మీ మేనేజరుకు చేరవేయకండి. ‘సాయంత్రపు కాల్స్ సర్దితే పని మెరుగుపడుతుంది’ అని చెప్పడానికి పక్షవాతం ప్రస్తావన అక్కర్లేదు.

చాలా సంస్థలు ఇలాంటి సమయంలో ఒక యోగా కార్యక్రమం పెట్టి ఊరుకుంటాయి. యోగా మంచిదే, కానీ పని గంటలు అలాగే ఉంచి మనిషిని మాత్రం ప్రశాంతంగా ఉండమనడం సరికాదు. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. పక్షవాతం వచ్చిన తండ్రిని చూసుకుంటున్న కొడుకు విషయంలో ఈ అంకెలను మరీ శ్రద్ధగా చదవాలి.

వారికి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న టెలీ మానస్ ఫోను సేవ నంబరు 14416 ఇవ్వండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం, రాత్రింబవళ్లు ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. నిద్ర పూర్తిగా పోయినా, బతకడం వృథా అన్న మాట నోట వచ్చినా ఫోనుతో ఆగకుండా వెంటనే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లేలా చూడండి. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో ఓపీ ఉంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. క్లయింటు కాల్ వేళ మార్చడానికి ఒప్పుకోకపోతే ఏం చేయాలి?

జవాబు: కూకట్‌పల్లి నుంచి ఒక టెస్టింగ్ ఇంజినీరు

వేళ మారకపోయినా కూర్చునే మనిషి మారవచ్చు కదండీ. కాల్‌కు బృందంలో అందరూ వంతులవారీగా హాజరై, జరిగింది రాసి పెట్టండి. ఉదాహరణకు మంగళ, గురువారాల కాల్స్ ఆయన వంతుకు రావని ముందే రాసుకోండి. ఆ వంతుల పట్టిక ఆయనొక్కరి కోసమే అన్నట్టు కాకుండా, మీ పేరుతో సహా అందరి పేర్లతో వేయండి.