కీమోకి ముందు డీపీవైడీ జన్యు పరీక్ష: అందరికీ తప్పనిసరి చేయాలా?

మధురవాడ మేనల్లుడు:
మా మావయ్యకి పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఇక కేపెసిటబీన్ మాత్రలు, ఆక్సాలిప్లాటిన్ సెలైన్ మొదలుపెట్టాలి. డాక్టరు గారేమో "కావాలంటే డీపీవైడీ పరీక్ష చేయించుకోండి, బలవంతం లేదు" అన్నారు. శాంపిల్ వేరే ఊరి ల్యాబ్‌కి పంపాలట. ఆ "కావాలంటే" దగ్గరే నాకు టెన్షన్. ప్రాణం మీదకొచ్చే సంగతైతే చేయించి తీరాలని చెప్పాలి కదా?

ఏయూ పాత విద్యార్థి:
చెప్పాలి. కేపెసిటబీన్ ఒంట్లోకి వెళ్లాక 5-ఎఫ్‌యూ అనే క్యాన్సర్ మందుగా మారుతుంది. అందులో 80 శాతానికి పైగా విరగ్గొట్టి బయటికి పంపేది డీపీడీ అనే ఎంజైమ్. దాన్ని తయారు చేసే జన్యువే డీపీవైడీ. ఆ జన్యువులో తేడా ఉంటే, గెడ్డ పూడుకుపోయిన వీధిలో వాన నీళ్లలా మందు ఒంట్లోనే నిలిచిపోతుంది. మామూలు డోసే విషమవుతుంది: నోరంతా పూత, ఆగని విరేచనాలు, తెల్లకణాలు పడిపోవడం. యూరప్ మందుల సంస్థ 2020లోనే ఈ మందులకు ముందు పరీక్ష చేయమని సిఫార్సు చేసింది. పాక్షిక లోపం ఉంటే మందు మానక్కర్లేదు, సాధారణంగా సగం డోసుతో మొదలుపెట్టి, తట్టుకుంటే పెంచుతారు.

సీతమ్మధార ఫార్మసిస్ట్:
యూరప్ సంగతి సరే. అక్కడ సాధారణంగా వెతికే నాలుగు మార్పులూ ప్రధానంగా యూరోపియన్లలో చూసి తేల్చినవి. మనవాళ్లలో వాటిలో కొన్ని బాగా అరుదు. రిపోర్టులో "మార్పులు లేవు" అని రాగానే ఇంట్లోవాళ్లు గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంటారు. అది నాకు భయం.

నెదర్లాండ్స్‌లో 1,103 మందితో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. 85 మందిలో మార్పులు దొరికితే, వాళ్లకి డోసు తగ్గించి ఇచ్చారు. అయినా 39 శాతం మందికి తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చాయి. మార్పులు లేనివాళ్లలోనూ 23 శాతానికి వచ్చాయి. అంటే రిపోర్టు శుభ్రంగా ఉన్నా నలుగురైదుగురిలో ఒకరు ఇబ్బంది పడ్డారు.

ఏయూ పాత విద్యార్థి:
ఆ అధ్యయనంలోనే, ఎక్కువ ప్రమాదమున్న ఒక రకం మార్పు ఉన్నవాళ్లకి డోసు తగ్గించడం వల్ల ముప్పు బాగా తగ్గిందని కూడా తేలింది. అది వదిలేశారు సార్.

కీమో వార్డు సిస్టర్:
మీ అంకెలు సరే, నేను చూసేది చెప్తాను. అగనంపూడి హోమీ భాభాకి గానీ ఊళ్లోని మరో ఆసుపత్రికి గానీ శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి ఎంతోమంది వస్తారు. మాత్రల కవరు పట్టుకుని సాయంత్రం బస్సెక్కేస్తారు. పద్నాలుగు రోజులు ఇంటి దగ్గరే మింగాలి. మధ్యలో విరేచనాలు పట్టుకుంటే "కీమో అంటే ఇంతేలే" అని ఊరుకుని, మాత్రలు మాత్రం మానరు. వార్డులో ఉన్నవాళ్లనైతే మేం చూసుకుంటాం. వీళ్ల కోసమైనా పరీక్ష ఉండాలి. విరుగుడు ఉందనుకోవద్దు. యురిడిన్ ట్రైఅసిటేట్ అమెరికాలో 2015లో వచ్చింది, చివరి డోసు తర్వాత 96 గంటల్లోపు ఇవ్వాలి. మన్యం ఊళ్లో కూర్చున్న మనిషికి దానివల్ల ఏం లాభం?

ఇంకోటి. కొబ్బరినీళ్లు ఐస్ పెట్టెలోంచి తీసినవి అస్సలు ఇవ్వొద్దు. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకున్నాక చల్లటి బోండాం పట్టుకుంటే చాలు, వేళ్ల చివర కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. గొంతు కూడా పట్టేస్తుంది. దీనికీ డీపీవైడీకీ సంబంధం లేదు.

గాజువాక రెడ్డి:
ఫ్రాన్స్‌లో జన్యువు కాకుండా రక్తంలో యురాసిల్ (డీపీడీ ఎంజైమే విరగ్గొట్టే పదార్థం) కొలుస్తారు, అక్కడ అది తప్పనిసరి. ఎంజైమ్ పనితీరే తెలుస్తుంది కాబట్టి ఏ జాతివాళ్లకైనా పనికొస్తుంది. మనం అదే చేసుకోవచ్చుగా?

సీతమ్మధార ఫార్మసిస్ట్:
రక్తం తీశాక త్వరగా వేరుచేసి చల్లగా ఉంచకపోతే అంకె దానంతటదే పెరిగిపోతుంది అన్నా. విశాఖ మే నెల ఎండలో కొరియర్ కుర్రాడి సంచిలో తిరిగొచ్చిన శాంపిల్‌ని మీరు నమ్ముతారా? డీఎన్‌ఏకి ఆ బాధ లేదు. పరీక్ష వద్దనడం లేదు నేను. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) లాంటి పథకంలో చేర్చకుండా "తప్పనిసరి" అంటే, డబ్బులేనివాడి కీమో ఆగిపోతుంది.

మధురవాడ మేనల్లుడు:
అంటే చేయిస్తాను, కానీ రిపోర్టు చూసి నిద్రపోను. ఫలితం వచ్చేదాకా కీమో ఆపాలా?

కీమో వార్డు సిస్టర్:
ఎన్ని రోజుల్లో వస్తుందో ల్యాబ్‌ని అడిగి, అది డాక్టరు గారితో చెప్పు నాన్నా. ఆపరేషన్ గాయం మానడానికి ఎలాగూ కొన్ని వారాలు ఆగుతారు, శాంపిల్ ఇప్పుడే ఇచ్చేస్తే ఆలస్యం ఉండదు. రేపెప్పుడైనా ఇరినోటికాన్ అనే వేరే కీమో మందుకి మారిస్తే అప్పుడు అడగాల్సింది వేరే జన్యువు, యూజీటీ1ఏ1. ఆ జన్యువులో తేడా ఉన్న కొందరికి ఊరికే కళ్లు పచ్చబడతాయి, మావయ్యకి ఎప్పుడైనా అలా అయ్యేదా, కనుక్కో.