తౌక్యాన్‌లో పేర్లు ఉండగా ఊళ్ళో రాయి ఎందుకు?

గట్టు దారి: బర్మా యుద్ధంలో చనిపోయిన మా ఊరివాళ్ళ పేర్లు చెక్కించి, పంచాయతీ ఆఫీసు ముందు రాయి నిలపాలని పెద్దలు అనుకుంటున్నారు. రంగూను దగ్గర తౌక్యాన్ సైనిక శ్మశానంలో 6,374 సమాధులు ఉన్నాయి; సమాధి తెలియని దాదాపు 27,000 మంది పేర్లు అక్కడి స్తంభాల మీద ఉన్నాయి. ఇక మరో రాయి అవసరమా?

తణుకు వాసి: అవసరం లేదు. ఆ శ్మశానాన్ని చూసుకునే, 1917లో బ్రిటిష్ సామ్రాజ్యం ఏర్పరచిన యుద్ధ సమాధుల కమిషన్, హోదా గానీ మతం గానీ చూడకుండా అందరినీ ఒకే తీరున గౌరవించాలని నియమం పెట్టుకుంది. నాగాలాండ్‌లోని కొహిమా సైనిక శ్మశానంలో 1,420 సమాధులతో పాటు, దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లూ చెక్కారు. అంత శ్రద్ధగా చేసినదాన్ని మనం సిమెంటు దిమ్మెతో పలచన చేయకూడదు.

కౌశిక తీరం: ఆ నియమం కాగితం మీదే మిగిలిపోయిన చోట్లు ఉన్నాయి. ఆసియా, ఆఫ్రికాల వాళ్ళు 45,000 నుంచి 54,000 మందిని సమానంగా స్మరించలేదనీ, కనీసం 1,16,000 మంది పేర్లే చెక్కలేదనీ ఆ కమిషనే 2021లో ఒప్పుకొని క్షమాపణ చెప్పింది.

తణుకు వాసి: ఆ నివేదిక మొదటి ప్రపంచ యుద్ధానిది. బర్మా రెండోది.

లంక పల్లె: తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం ఊళ్ళో తమ సైనికులకు స్తూపం కట్టుకున్నారు. అక్కడ ఎవరి గౌరవం తగ్గింది?

తణుకు వాసి: మాధవరం సంగతి తరవాత. నివేదిక ఏ యుద్ధానిదో ముందు ఒప్పుకోండి.

కౌశిక తీరం: మొదటిదానిదే, ఒప్పుకున్నాను. ఇప్పుడు నా మాట వినండి. మా తాత పయనీరు దళంలో రోడ్లు వేస్తూ అస్సాం సరిహద్దులో జ్వరంతో పోయాడు. మా నాయనమ్మకు తంతి తప్ప చితాభస్మం కూడా అందలేదు. మా ఊళ్ళో ఇలాంటి జాబితాయే రాసినప్పుడు, తుపాకి పట్టనివాడు అమరుడెలా అవుతాడని, మా పేట నుంచి వెళ్ళిన ముగ్గురి పేర్లూ కొట్టేశారు.

తణుకు వాసి: మీ బాధ అర్థమైంది. అయినా పోరాడి మరణించినవారినీ, రోడ్డు పనిలో జ్వరంతో పోయినవారినీ ఒకే వరసలో పెట్టడం నాకు సమ్మతం కాదు. ఊళ్ళో రాయి వేస్తే జరిగేది అదే, అందుకే వద్దంటున్నాను.

కౌశిక తీరం: ఈ మాట మొదటే చెప్పవలసింది. రంగూను స్తంభాల మీద పయనీరు దళం పేర్లూ ఉన్నాయి. మీరు మెచ్చుకున్న నియమమే వాళ్ళను అక్కడ నిలిపింది. గట్టు దారి గారూ, మీ జాబితా ఎవరు రాస్తున్నారు?

గట్టు దారి: ముగ్గురు పెద్దలు. పేట నుంచి ఎవరూ లేరండి. రేపు పొద్దున్నే వెళ్ళి అడుగుతాను.